పొగలేని పొగాకు: పేరు, అలవాటు, మానడం – ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పొగాకును కాల్చడమే కాక నమలడం, దవడన ఉంచుకోవడం, ముక్కుతో పీల్చడం తెలుగునాట నాలుగు శతాబ్దాలుగా ఉన్న అలవాట్లు. అయినా మన భాషలో పొగాకు వ్యతిరేక ప్రచారమంతా ‘పొగ తాగడం’ అనే మాట చుట్టూనే నిర్మితమైంది. దీనివల్ల పొగరహిత పొగాకు వాడేవారు వైద్యుని ప్రశ్నకు, సంస్కర్త ఉపన్యాసానికి, చట్టపు హెచ్చరికకు చాలాకాలం అందకుండా ఉండిపోయారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నేపథ్యంలో ఈ అలవాటు ఎలా నిలిచిందో, దాన్ని మానడానికి ఇక్కడి సమాజంలో ఏయే మార్గాలు ఉన్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పొగాకు, నస్యం, కాడ, ఖైనీ, గుట్కా, తాంబూలం, దీక్ష, కొల్లేరు, ఏలూరు, తాడేపల్లిగూడెం.

1. ఉపోద్ఘాతం:

ఒక సమాజం దేన్ని వ్యసనంగా గుర్తిస్తుందో తెలుసుకోవడానికి ఆ సమాజపు భాష మంచి ఆధారం. సంప్రదాయం చెప్పిన సప్తవ్యసనాల్లో జూదం, మద్యపానం, స్త్రీలోలత, వేట, పరుషవాక్కు, కఠినదండన, ధనాన్ని దుర్వినియోగం చేయడం ఉన్నాయి. ఆ పట్టిక రూపొందిన నాటికి పొగాకు ఈ దేశంలో లేదు. వచ్చిన తరువాత కూడా దాన్ని ఎనిమిదో వ్యసనంగా ఎవరూ చేర్చలేదు. కాలక్రమంలో కాల్చే పొగాకుకు ‘ధూమపానం’ అనే పేరు వచ్చి, మద్యపానం పక్కన చోటు దొరికింది. నమిలే పొగాకుకు, పీల్చే పొడుముకు అలాంటి నిందార్థకమైన పేరేదీ స్థిరపడలేదు. పేరు లేని దోషాన్ని ఒప్పుకోవడం, మానడం రెండూ కష్టమే. ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన ఇదే.

పరిశీలనకు ఎంచుకున్న ప్రాంతం కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉంది. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినప్పుడు ఏలూరు దానికి ముఖ్యపట్టణమైంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో ఏలూరు కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పడగా, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. పాలనాపరంగా విడిపోయినా కొల్లేరు, దాని చుట్టూ ఉన్న కాలువలు, మార్కెట్లు, రాకపోకలు ఈ ప్రాంతాన్ని ఒకే జీవనమండలంగా నిలుపుతున్నాయి.

2. పేర్లు చెప్పే చరిత్ర:

పోర్చుగీసువారి ద్వారా దక్కనుకు చేరిన పొగాకును 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో అసద్ బేగ్ బీజాపూరు నుంచి అక్బరు కొలువుకు తీసుకువెళ్ళాడు. 1617లో జహంగీరు దాన్ని నిషేధించాడు. ఆ శతాబ్దపు తొలి దశకాల్లో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యంలోని పొగాకును ప్రస్తావించాడు. అంటే కొల్లేటికి కూతవేటు దూరంలోని రేవులో 400 ఏళ్ళ కిందటే ఈ ఆకు సరుకుగా చలామణి అయింది.

కొత్త వస్తువుకు తెలుగువారు పెట్టుకున్న పేరు ‘పొగాకు’. పొగనిచ్చే ఆకు అన్నది దాని అర్థం. వస్తువును దాని ఒక్క ఉపయోగంతోనే గుర్తించిన పేరిది. ఆ ఆకునే నమిలినప్పుడు పేరుకూ పనికీ పొంతన కుదరలేదు. అందుకే నమిలేవారి మాటల్లో పొగాకు అన్న పదం తరచు తొలగిపోయి, ‘కాడ’ మిగిలింది. ‘కాడ వేసుకోవడం’ అంటే పల్లెల్లో ఎవరికైనా తెలుస్తుంది. అందులో పొగ లేదు, పొగాకూ లేదు. కూరగాయకు వాడే మాట మాత్రమే ఉంది.

పీల్చే పొగాకు కథ మరో రకం. దానికి ‘ముక్కుపొడుం’ అన్న దేశ్యపదంతో పాటు ‘నస్యం’ అన్న సంస్కృతపదం స్థిరపడింది. ఆయుర్వేదంలో నస్యం పంచకర్మలలో ఒకటి. ముక్కు ద్వారా ఔషధాన్ని ప్రవేశపెట్టే చికిత్స. ఆ పదం పొగాకు పొడికి అన్వయం కావడంతో అలవాటుకు వైద్యగౌరవం లభించింది. పడిశానికి, తలనొప్పికి, నిద్రమత్తుకు పొడుమే మందు అన్న నమ్మకానికి ఈ పేరు కొంత ఆసరా ఇచ్చి ఉండాలి. పండితుల చేతిలో పొడుంకాయ పాండిత్యచిహ్నంగా కూడా చలామణి అయింది. బందరు నస్యానికి ఒకప్పుడు దేశాంతరాల్లోనూ పేరుండేది.

తరువాత వచ్చిన పేర్లు ఉత్తరాది నుంచి వచ్చినవి. ‘జర్దా’ పసుపురంగును సూచించే ఫారసీ మాటకు సంబంధించినది. ‘ఖైనీ’ తినడాన్ని తెలిపే హిందీ ధాతువు నుంచి వచ్చింది. ‘గుట్కా’ అంటే చిన్న ముక్క. ఈ మూడింటిలో ఒక్కదానికీ పొగతో అర్థసంబంధం లేదు. ఇలా కాడ కూరగా, నస్యం మందుగా, ఖైనీ తినుబండారంగా భాషలో స్థానం సంపాదించుకున్నాయి. ‘మీరు పొగ తాగుతారా?’ అన్న ప్రశ్నకు వీటిని 30 ఏళ్ళుగా వాడుతున్న మనిషి ‘లేదు’ అంటే అది అబద్ధం కాదు.

సాహిత్యంలోనూ ఇదే అసమానత కనిపిస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్టను పద్యంతో సమర్థిస్తాడు. ఆ హాస్యం వల్ల కాల్చే అలవాటు కనీసం చర్చలోకి వచ్చింది. దవడన కాడ పెట్టుకుని నాట్లు వేసే స్త్రీకి అలాంటి సాహిత్యస్థానం దక్కలేదు.

3. నిప్పు వెలగని చోట్లు:

గోదావరి లంకల పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. జిల్లా మెట్టప్రాంతంలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం పరిసరాల్లో సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు పండుతుంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతంలో పొగాకు అంటే కాల్చేదే అన్న భావన బలపడటానికి ఈ ఆర్థిక నేపథ్యం కూడా కారణమే. అయితే కాల్చడానికి వీలులేని వృత్తులు కూడా ఇక్కడే ఉన్నాయి.

మొదటిది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీటిని నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే మంచినీటి సరస్సు ఇది. నడుములోతు నీటిలో వల లాగే మనిషికి, దోనెపై గడవేసే మనిషికి రెండు చేతులూ తడిగానే ఉంటాయి. అగ్గిపెట్టె తడిస్తే చుట్ట వెలగదు. దవడన పెట్టుకున్న కాడకు నిప్పూ అక్కర లేదు, చేయీ అక్కర లేదు. వరిచేలో వంగి నాట్లు వేసే కూలీల విషయంలోనూ ఇదే స్థితి.

రెండోది ఏలూరు జనపనార మిల్లు వంటి కర్మాగారం. నార ఉన్న చోట నిప్పురవ్వ ప్రమాదకరం. మూడోది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల టోకు మార్కెట్టుకు, బియ్యం మిల్లులకు పేరుపొందిన ఈ ఊళ్ళో గోనెసంచుల మధ్య బరువులు మోసే హమాలీలకు బీడీ కంటే ఖైనీ అనుకూలం. నీరు, నార, గోనె ఉన్న ఈ మూడు చోట్ల పొగరహిత పొగాకు పనిలో భాగంగా కుదురుకుందని ఊహించవచ్చు. ఆకలిని, అలసటను కాసేపు మరిపించే గుణం దానికి తోడైంది. 1990ల తరువాత డెల్టాలో, కొల్లేటి చుట్టూ చేపల చెరువులు విస్తరించాయి. రాత్రి కాపలా, వేళకాని వేళ పట్టుబడులు పెరిగాయి. చిన్న పొట్లాల్లో దొరికే గుట్కా, ఖైనీలకు ఇలాంటి పనులు అనువైన విపణి అయ్యాయి.

కాబట్టి ఈ అలవాటును కేవలం వ్యక్తి బలహీనతగా చూడటం సరికాదు. మానాలనుకున్న మనిషి మరునాడు అదే నీటిలోకి, అదే బస్తాల మధ్యకు వెళ్ళాలి. అలవాటును గుర్తుచేసే పని ప్రతి గంటకూ ఎదురవుతూనే ఉంటుంది.

4. తాంబూలం తెరిచిన తలుపు:

పొగరహిత పొగాకు ఇంత సులభంగా ఇంట్లోకి రావడానికి తాంబూలం దారి చూపింది. శ్రీనాథుని కాలానికి పొగాకు ఈ నేలకు రాలేదు; ఆకు, వక్క, సున్నం, కాచు, సుగంధద్రవ్యాలతో తాంబూలం మాత్రం అప్పటికే ఆతిథ్యంలో, పెళ్ళిలో, పూజలో స్థిరపడింది. సిద్ధంగా ఉన్న ఆ పళ్ళెంలోకి పొగాకు తరువాత చేరింది. తాంబూలానికి ఉన్న మంగళార్థం అందులో కలిసిన పొగాకుకు కూడా కొంత అంటింది. నలుగురిలో చుట్ట కాల్చడానికి సంకోచించే స్త్రీ పెద్దల ఎదుటనే ఆకువక్కలో కాడ వేసుకోగలిగింది.

తాంబూలంలోని సున్నం మరో కీలకమైన పని చేసింది. పొగాకులోని నికోటిన్ క్షారగుణం ఉన్న మాధ్యమంలో నోటి పొర గుండా త్వరగా రక్తంలో చేరుతుంది. అరచేతిలో ఖైనీని సున్నంతో నలిపేటప్పుడు జరిగే రసాయనప్రక్రియ ఇదే. సిగరెట్టు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. దవడన ఉన్న పొగాకు అంతకంటే చాలాసేపు నికోటిన్‌ను అందిస్తూనే ఉంటుంది. పొగ లేదు కాబట్టి హాని తక్కువ అన్న భావనకు ఇక్కడ శాస్త్రీయమైన ఆధారం లేదు. పొగరహిత పొగాకును, వక్కను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల తొలి వర్గంలో చేర్చింది. నోరు క్రమంగా తెరుచుకోకుండా బిగుసుకుపోయే వ్యాధికి వక్క ప్రధాన కారణం. గుట్కాలో వక్క, పొగాకు రెండూ ఉంటాయి.

5. మానడానికి మనకున్న మార్గాలు:

ఈ ప్రాంతపు సమాజానికి మానడం కొత్త విద్య కాదు. కాశీయాత్రకు వెళ్ళినవారు తమకు ఇష్టమైన పండునో కూరనో అక్కడ వదిలి వస్తారు. ఇష్టమైనదాన్ని బుద్ధిపూర్వకంగా, బంధువుల ఎరుకలో, జన్మాంతం వదలడం ఆ ఆచార సారం. అయితే వదిలేది సాధారణంగా తినే వస్తువు. అంతగా ఇష్టం లేని కూరను ఎంచుకుని వదిలేవారి మీద ఇళ్ళల్లో హాస్యోక్తులు కూడా ఉన్నాయి. పొగాకు ఆ వదిలే జాబితాలోకి పెద్దగా రాలేదు. దాన్ని ఇష్టంగా కాక అవసరంగా భావించడం ఇందుకు కారణం కావచ్చు.

గత కొన్ని దశాబ్దాలుగా కోస్తా జిల్లాల్లో విస్తరించిన అయ్యప్పదీక్ష మరింత దగ్గరి ఉదాహరణ. మండలకాలమైన 41 రోజుల పాటు దీక్షాపరులు మద్యం, మాంసంతో పాటు పొగాకునూ విడిచిపెడతారు. నికోటిన్ మానినప్పుడు కలిగే చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం, తీవ్రమైన కోరిక మొదటి వారంలో ఎక్కువగా ఉండి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఈ లెక్కన మాల తీసే నాటికి శరీరం కఠినమైన దశను దాటి ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడినవారు కూడా మానగలరనడానికి ప్రతి కార్తీకమార్గశిరాల్లో మన వీధుల్లోనే రుజువు కనిపిస్తోంది. అయితే మాల తీయగానే అలవాటు తిరిగి మొదలుకావడమూ తెలిసిందే. దీక్షలో మనిషికి కొత్త పిలుపు ఉంటుంది, సాటి స్వాముల తోడు ఉంటుంది, దినచర్య మారుతుంది. 42వ రోజున ఇవన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. శరీరం కోరడం తగ్గినా పాత పని, పాత స్నేహాలు మళ్ళీ కోరతాయి. మానడం కంటే మానిన స్థితిలో నిలబడటానికే తోడు ఎక్కువగా కావాలని దీనివల్ల గ్రహించవచ్చు.

డెల్టాలోని పెంతెకొస్తు సంఘాల్లో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకునేవారు పొగాకును విడిచిపెట్టడం మరో మార్గం. అక్కడ గడువు లేదు. వారం వారం కలిసే సంఘం ఉంది. రంజాన్ ఉపవాసంలో పగలంతా పొగాకు ముట్టకుండా ఉండే ముస్లింల అనుభవాన్ని కూడా ఇక్కడ గమనించాలి. ఈ నాలుగింటినీ పోల్చితే కాశీ ఆచారంలో శాశ్వతత్వం, దీక్షలో నియమం, సంఘంలో తోడు, ఉపవాసంలో ప్రతిరోజూ చేసే సాధన బలంగా ఉన్నాయి. ఆధునిక సలహాచికిత్స కోరేదీ ఈ నాలుగు అంశాలనే.

సంస్కరణోద్యమం మాత్రం ఈ బలాలను పొగరహిత పొగాకు వైపు మళ్ళించలేదు. 1921లో గాంధీజీ ఏలూరు వచ్చారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యంపై రాసిన గ్రంథంలో ఆయన పొగాకు కాల్చడంతో పాటు నమలడాన్ని, పీల్చడాన్ని కూడా నిరసించారు. అయినా ఆంధ్రదేశంలో మద్యనిషేధమే ఉద్యమరూపం పొందింది. 1992లో దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. సారా భర్తను తాగుబోతుగా మార్చి కుటుంబాన్ని కూల్చడం స్త్రీలకు కళ్ళెదుట కనిపించింది. కాడ ఎవరినీ తూలనివ్వదు, ఇంట్లో గొడవ పెట్టదు. పైగా ఉద్యమించిన తరగతి స్త్రీల్లోనూ దాన్ని వాడేవారున్నారు. నిశ్శబ్దంగా హాని చేసేదానిపై ఉద్యమం పుట్టడం కష్టం.

6. చట్టం పరిధి:

2003లో కేంద్రం సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. చట్టం పేరులో సిగరెట్టుకు పేరుంది. నమిలేవి ‘ఇతర’ అన్న మాటలో ఇమిడిపోయాయి. ఆహార కల్తీ నివారణ చట్టం కింద కొన్ని రాష్ట్రాలు విధించిన గుట్కా నిషేధాలు 2004లో గోదావత్ కేసులో సుప్రీంకోర్టు ముందు నిలబడలేదు. 2011లో ఆహారపదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదన్న నిబంధన ఆహారభద్రత చట్టం కింద వచ్చింది. దాని ఆధారంగా 2013లో ఆంధ్రప్రదేశ్‌లో గుట్కా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి ఉత్తర్వుకు ఒక్కసారికి ఏడాదికి మించి కాలపరిమితి ఉండదు. వ్యాపారులు పాన్ మసాలాను, పొగాకును వేర్వేరు పొట్లాల్లో అమ్మగా, కొన్నవారే కలుపుకునే పద్ధతి దేశమంతటా వ్యాపించింది.

ఇక కట్టగా తెచ్చి తూకానికి అమ్మే ఆకుకు, కాడకు పొట్లమే లేదు. పొట్లం లేని చోట హెచ్చరిక బొమ్మకు తావే లేదు. అందువల్ల అన్నిటికంటే పాతదైన అలవాటు చట్టానికి అన్నిటికంటే దూరంగా ఉంది.

7. ప్రశ్న అడిగితే జరిగేది:

2016–17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 21.4 శాతం పొగరహిత పొగాకు వాడుతుండగా, కాల్చేవారు 10.7 శాతం. స్త్రీలలో ఈ తేడా ఇంకా ఎక్కువ: నమిలేవారు 12.8 శాతం, కాల్చేవారు 2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తలకిందులు: కాల్చేవారు 14.2 శాతం, పొగరహిత పొగాకు వాడేవారు 7.1 శాతం. ఇక్కడి ప్రచారం పొగ మీదే నిలవడానికి ఈ సంఖ్య ఒక కారణం. అయితే మైనారిటీగా ఉన్నందువల్ల ఆ 7 శాతం మరింత అదృశ్యమైంది. అదే సర్వేలో దేశవ్యాప్తంగా వైద్యసిబ్బందిని కలిసిన కాల్చేవారిలో 48.8 శాతం మందికి మానమన్న సలహా అందగా, పొగరహిత పొగాకు వాడేవారిలో 31.7 శాతం మందికే అందింది. అయినా వీరిలో మూడోవంతు మంది అంతకుముందు ఏడాదిలో మానడానికి ప్రయత్నించారు. కోరిక ఉంది, అడిగేవారు తక్కువ.

అడిగితే ఏమవుతుందో చెప్పే గట్టి సాక్ష్యం తెలుగునేల మీదే ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య బృందం శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులపై అధ్యయనం చేసింది. శ్రీకాకుళంలో అడ్డపొగ, ఎర్నాకుళంలో తాంబూలంతో పొగాకు నమలడం ప్రధానమైన అలవాట్లు. ఇంటింటికీ వెళ్ళి నోరు పరీక్షించి, ముఖాముఖిగా మాట్లాడి, ప్రచారసాధనాల ద్వారా బోధించారు. ఫలితాలు 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. సలహా పొందినవారిలో మానినవారు ఎక్కువయ్యారు. క్యాన్సర్‌కు ముందు వచ్చే నోటి మచ్చలు కొత్తగా రావడం తగ్గింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను దీర్ఘకాలపు అలవాటుకు వర్తింపజేసి చేతులెత్తేయడం తగదని ఈ అధ్యయనం చెబుతోంది.

నేటి వనరులు నాటికంటే మెరుగు. 2016లో జాతీయ పొగాకు విరమణ సహాయవాణి మొదలైంది. తరువాత ప్రాంతీయ భాషలకు విస్తరించింది. దంతవైద్య కళాశాలల్లో విరమణ కేంద్రాలు నెలకొల్పడానికి 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు విరమణ చికిత్సపై తొలి మార్గదర్శకాలు వెలువరించింది. ఏలూరు శివారు దుగ్గిరాలలో దంతవైద్య కళాశాల, ఏలూరులో వైద్యకళాశాల ఉన్నాయి. కొల్లేటి లంకల మనిషికి ఇవి ఎంతో దూరం కావు. అయితే అక్కడ ఆయనను అడిగే మొదటి ప్రశ్న ‘పొగ తాగుతారా?’ అన్నదే అయితే, దూరం తగ్గనట్లే.

8. ఉపసంహారం:

తెలుగులో ‘మాను’ అన్న క్రియకు విడిచిపెట్టడం అన్న అర్థంతో పాటు నయం కావడం అన్న అర్థమూ ఉంది. అలవాటు మానుతుంది, గాయమూ మానుతుంది. మానడాన్ని శిక్షగా, త్యాగంగా మాత్రమే కాక చికిత్సగా చూసే వీలు మన భాషలోనే ఉంది. ఆ వీలును ఉపయోగించుకోవాలంటే ముందు ప్రశ్న మారాలి. ఆసుపత్రి చీటీలో, ఆశా కార్యకర్త పుస్తకంలో, బడిలో చెప్పే పాఠంలో ‘పొగ తాగుతారా?’తో పాటు ‘కాడ వేసుకుంటారా? ఖైనీ నలుపుతారా? పొడుం పీలుస్తారా? ఆకువక్కలో ఏం కలుపుతారు?’ అన్న ప్రశ్నలు ఉండాలి. అడిగేవారికి ఆయా ఊళ్ళలో వాడే మాటలు తెలియాలి. ఆ మాటలను వృత్తులవారీగా, ప్రాంతాలవారీగా సేకరించి అందించడం భాషాసాహిత్య పరిశోధకులు చేయగల పని. వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగు పరిశోధనకు ఇప్పటికే మంచి అనుభవం ఉంది. వలల పేర్లు, పడవల పేర్లు సేకరించే పరిశోధకుడు అదే లంకలో, అదే మనిషిని దవడన ఏముందో కూడా అడిగి రాసుకుంటే, ఆ జాబితా వైద్యుని బల్ల మీద అక్కరకు వస్తుంది.